ప్లస్ గుర్తు ఉన్న మాటలు

ఇన్‌డిజైన్‌లో పేరా స్టైల్ పేరు పక్కన ఒక్కోసారి చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తుంది. ఈ పేరాకి ఫలానా స్టైల్ ఇచ్చారు గానీ లోపల ఎక్కడో ఎవరో చేత్తో ఏదో మార్చారు అని దాని అర్థం. ఒక మాటని బోల్డ్ చేసి ఉండొచ్చు. ఒక లైను సైజు అర పాయింటు తగ్గించి ఉండొచ్చు. ఆ చేతి మార్పునే ఓవర్‌రైడ్ అంటారు. యూట్యూబ్‌లో డిజైన్ పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది దాన్ని చక్కెర డబ్బాలో దూరిన చీమలా చూస్తారు. కనపడితే తుడిచెయ్యమంటారు. తుడవడం కూడా తేలికే. ఆల్ట్ నొక్కి పట్టుకుని స్టైల్ పేరు మీద ఒక్క క్లిక్ చేస్తే ప్లస్ పోతుంది, పేరా శుభ్రంగా వస్తుంది.

మొన్నటిదాకా నా దగ్గర 164 పేజీల ఫైలు ఒకటి ఉండేది. దాదాపు ప్రతి పేరాకీ ఆ ప్లస్ ఉంది. వాటిలో కొన్ని మా మామ్మ మాటలు. ఆ ఆల్ట్ క్లిక్ చెయ్యడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మాది నౌపడ. పలాస వైపు నుంచి విశాఖ వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే తెల్లటి ఉప్పు కుప్పలు కనిపిస్తాయే, ఆ ఊరు. గుణుపూర్ లైను ఇక్కడే మెయిన్ లైను నుంచి విడిపోతుంది. మా మామ్మ, తాత ఇద్దరూ ఉప్పు మడుల్లో పని చేసినవాళ్లే. నేను మాత్రం మడిలో దిగలేదు. టెక్కలిలో ఒక డీటీపీ షాపులో నాలుగేళ్లు చేశాను. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని చిన్న ప్రచురణకర్తలకి పుస్తకాల పేజీలు కడుతున్నాను.

ఆ షాపులో స్టైల్స్ అనే మాట ఎవరూ ఎత్తేవారు కాదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డు, అంతే ప్రపంచం. పేజ్‌మేకర్ 1985లో పుట్టిన సాఫ్ట్‌వేరు. చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాని స్థానంలోకి తేవడానికి అడోబీ 1999లోనే ఇన్‌డిజైన్ తెచ్చింది. అయినా తెలుగు డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ చావలేదు. ఎందుకు చావలేదో నాకు తెలుసు. శుభలేఖకి అంతకంటే ఏం కావాలి? పెళ్లికూతురి పేరు సెలెక్ట్ చెయ్, పెద్దది చెయ్, ఎరుపు వెయ్, ప్రింటుకి పంపు. ఒక్క పేజీ పని. శుభలేఖకి స్టైల్ షీట్ కట్టేవాడు ఉప్పు మడికి గేటు పెట్టి తాళం వేసేవాడి లాంటివాడు. అక్కడ ఓవర్‌రైడే సరైన పని. ఈ మాట అంటే నా తోటి డిజైనర్లు ఒప్పుకోరు. వాళ్లు శుభలేఖలు చెయ్యలేదు మరి.

కథ పుస్తకం దగ్గర మారుతుంది. మీకు తెలిసిన చోటు నుంచి చెప్తాను. గూగుల్ డాక్స్‌లో రెజ్యూమె చేసేటప్పుడు "ఎడ్యుకేషన్" అన్న మాటని సెలెక్ట్ చేసి బోల్డ్ కొట్టి, సైజు 14 పెట్టి, నీలం రంగు వేస్తారు. "స్కిల్స్" దగ్గర మళ్లీ అంతే, "ప్రాజెక్ట్స్" దగ్గర మళ్లీ అంతే. నీలం బాలేదనిపిస్తే అన్నిచోట్లా మళ్లీ తిరగాలి. అదే వాటికి హెడింగ్ 2 అని స్టైల్ ఇచ్చి ఉంటే ఒకచోట మార్చి "అప్‌డేట్ హెడింగ్ 2 టు మ్యాచ్" అంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే మారతాయి. రెజ్యూమెలో ఐదు హెడింగులు కాబట్టి ఎలా చేసినా గడిచిపోతుంది. పుస్తకంలో అలా గడవదు.

పుస్తకం మా తెలుగు మాస్టారిది. హైస్కూల్లో నాకు పాఠం చెప్పారు. రిటైరయ్యాక ఆయన మా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి మాటలు పోగు చేశారు. ఉప్పు మడుల్లో వాడే మాటలు, మత్స్యకారుల ఇళ్లలో మాటలు, కొండ వైపు నుంచి సంతకి వచ్చే సవరల దగ్గర విన్న మాటలు, పాత చిన్న రైలు చుట్టూ పుట్టిన మాటలు. చిన్న రైలంటే పర్లాకిమిడి రాజావారు వేయించిన నేరోగేజి బండి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలైంది, తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు. 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజి చేసి 2011లో మళ్లీ నడిపారు. మా మామ్మకి ఆ పట్టాలు మారడం చివరిదాకా నచ్చలేదు. చిన్న బండి అయితే నడుస్తుండగా ఎక్కీయొచ్చట.

మాస్టారికి ఈ పిచ్చి ఎక్కించింది గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, మా చిన్న రైలు వెళ్లే పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పి, సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువులూ రాశారు. "ఎవరి నోట విన్నామో ఆ నోటికి మాట అప్పజెప్పాలి" అని మాస్టారు క్లాసులో అనేవారు. అప్పట్లో మాకు అర్థమయ్యేది కాదు.

ఆయన తన పుస్తకంలో అదే చేశారు, తనకి తెలిసిన పద్ధతిలో. ఉప్పు మడుల వాళ్ల నోట విన్న మాట బోల్డ్. వల పట్టేవాళ్ల మాట వాల్చిన అక్షరం. సవర మాటకి కింద గీత. ఎవరి మాట ఏదో చెప్పడానికి వేరే పట్టిక లేదు, గుర్తుల వివరణ కూడా లేదు. 2009లో ఒక షాపులో ఆయన ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కో మాటా చూపించి చేయించుకున్నారు. మూడు వందల కాపీలు వేశారు. మా మామ్మ చెప్పినవి అందులో నలభై పైచిలుకు మాటలు. అన్నీ బోల్డ్. ఆమె 2016లో పోయింది. ఆమె గొంతు మా దగ్గర ఏ ఫోన్‌లోనూ లేదు.

పోయిన ఏడాది మాస్టారు నన్ను పిలిపించారు. కళ్లు బాగా మందగించాయి.

"ఏటే గుంటా, నా పుస్తకం నాకే కనపడ్డం లేదు. అచ్చరాలు పెద్దవి చేసి మళ్లీ వేస్తావేటి?" అన్నారు.

"ఎంత పెద్దవి మాస్టారూ?"

"నేను చదవగలిగినంత. ఇంకోటి, మీ ఫోన్లలో కూడా రావాల. కాయితం మీద ఎవుడు చదూతాడు ఇప్పుడు?"

అక్షరం 11 నుంచి 16 చెయ్యాలి. స్టైల్స్‌తో కట్టిన పుస్తకమైతే ఒక అంకె మార్చి టీ పెట్టుకోవచ్చు. పేజీలు పెరుగుతాయి, సర్దుకోవాలి, అంతే.

ఆయన దగ్గర పాత సీడీలో ఫైలు దొరికింది. పేజ్‌మేకర్‌ని తెరవగలిగే పాత ఇన్‌డిజైన్ ఒక స్నేహితుడి దగ్గర ఉంటే అందులో తెరిచాను. పుస్తకం మొత్తానికి ఒకటే స్టైల్, పేజ్‌మేకర్ తనంత తాను ఇచ్చే "బాడీ టెక్స్ట్". మిగతాదంతా చేత్తో చేసినదే. ఫాంటు చేత్తో, సైజు చేత్తో, లైను ఎడం చేత్తో. పేజీల నిండా గులాబీ రంగు పట్టీలు కూడా కనిపించాయి. అదెందుకంటే, పేజ్‌మేకర్‌లో ఫాంటుకి బోల్డ్ రూపం లేకపోయినా అక్షరాన్ని తనే లావు చేసి చూపిస్తుంది. ఇన్‌డిజైన్ అలా చెయ్యదు. "ఈ ఫాంటుకి బోల్డ్ నా దగ్గర లేదు" అని గులాబీ పూస్తుంది. దాని దృష్టిలో అది తప్పిపోయిన ఫాంటు. నా స్క్రీను మీద మాత్రం మా మామ్మ మాటలన్నీ, ఒక్కటీ వదలకుండా, గులాబీ రంగులో ఉన్నాయి. కాసేపు అలా స్క్రోల్ చేస్తూ కూర్చున్నాను.

ఇక్కడ తెలుగుకి ఉన్న ఒక చిక్కు చెప్పాలి. అను లాంటి పాత ఫాంట్లలో మనం చూసేది తెలుగు అక్షరం, లోపల దాగి ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన సంకేతాలు. ఫాంటు అనే తొడుగు ఉన్నంతసేపే అది తెలుగు. తొడుగు తీసేస్తే అర్థంలేని గుర్తుల వరస. యూనికోడ్‌లో అలా కాదు. తెలుగుకి 1991 నుంచీ సొంత గడులు ఉన్నాయి, ఏ ఫాంటు పెట్టినా "క" అంటే "క"నే. ఇప్పుడు ఆలోచించండి. ఇంగ్లిష్ పుస్తకంలో ఓవర్‌రైడ్లు తుడిచేస్తే మహా అయితే బోల్డ్ పోతుంది, మాట ఉంటుంది. మా ఫైల్లో ఫాంటే ఓవర్‌రైడ్. అంటే ఆ ఆల్ట్ క్లిక్ చేస్తే బోల్డ్ ఒక్కటే కాదు, తెలుగే పోతుంది. యూట్యూబ్ పాఠాల్లో ఈ సంగతి రాదు. వాళ్ల భాషకి ఆ అవసరం పడలేదు.

అలాగని ఓవర్‌రైడ్లన్నీ పవిత్రమైనవీ కావు. దగ్గరగా చూస్తే అందులో రెండు రకాలున్నాయి. మాస్టారు వేలితో చూపించి చేయించినవి ఒక రకం. ఆపరేటర్ తన తిప్పలు తను పడినవి ఇంకో రకం. ఒక పేజీలో పేరా చివర ఒక్క మాట కింద లైనులోకి జారుతోందని లైనంతా బిగించాడు. ఇంకో పేజీలో సైజు పదిన్నర చేశాడు. ఒకచోట రెండు లైన్ల మధ్య ఎడం ఉన్నట్టుండి పెరిగింది. వెతికితే కారణం ఒక ఖాళీ స్పేసు. ఆ ఒక్క స్పేసుకి పెద్ద లీడింగ్ ఉంది. లీడింగ్ అంటే లైను ఎడం. ఇన్‌డిజైన్ మామూలుగా దాన్ని పేరాకి కాకుండా అక్షరానికి సంబంధించినదిగా లెక్కేస్తుంది, లైనులో ఎవరిది పెద్దదైతే వారి మాటే చెల్లుతుంది. కంటికి కనపడని ఒక స్పేసు లైను మొత్తాన్ని కిందికి తోసేస్తుంది. ప్రిఫరెన్సుల్లో "అప్లై లీడింగ్ టు ఎంటైర్ పేరాగ్రాఫ్స్" అని టిక్కు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. తెలుగులో అది ఇంకా ముఖ్యం. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల్లో వత్తులు కిందికి వేలాడతాయి, కింది లైను గుడులకి తగులుతాయి. ఇంగ్లిష్‌కి సరిపోయే 120 శాతం ఆటో లీడింగ్ మనకి చాలదు.

కాబట్టి ముందు మంచిని చెడు నుంచి వేరు చెయ్యాలి, తర్వాతే తుడవాలి. దానికి సాధనం క్యారెక్టర్ స్టైల్. పేరా స్టైల్ పేరా మొత్తానికి, క్యారెక్టర్ స్టైల్ లోపలి మాటకి. ఆల్ట్ క్లిక్ ఓవర్‌రైడ్లని తుడుస్తుంది గానీ క్యారెక్టర్ స్టైల్‌ని ముట్టదు. (ఆల్ట్‌తో పాటు షిఫ్ట్ కూడా నొక్కితే అదీ పోతుంది. ఆ వేలు కాస్త దూరంగా పెట్టుకోండి.) అంటే బోల్డ్‌కి ఒక పేరు పెడితే అది బతుకుతుంది.

పేరు దగ్గరే నాకు మొదటి ఆలోచన వచ్చింది. అందరూ క్యారెక్టర్ స్టైల్‌కి "బోల్డ్" అని పెడతారు. నేను "ఉప్పు మాట" అని పెట్టాను. వాల్చినవాటికి "వల మాట". గీత ఉన్నవాటికి "సవర మాట". రేపు డిజైన్ మారి ఉప్పు మాటని గోధుమ రంగులో వెయ్యాలనుకుంటే "బోల్డ్" అనే పేరు అబద్ధమైపోతుంది. "ఉప్పు మాట" అప్పుడూ నిజమే.

ఫైండ్ చేంజ్‌లో "బోల్డ్ ఉన్నది వెతుకు, ఉప్పు మాట స్టైల్ ఇవ్వు" అని చెప్తే నిమిషంలో అయిపోయేదే. కానీ బోల్డ్‌లో హెడింగులు కూడా ఉన్నాయి, మాస్టారు నొక్కి చెప్పాలనుకున్న వాక్యాలూ ఉన్నాయి. అందుకని అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కోటీ చూస్తూ పోయాను. రోజుకి ఆరేడు పేజీలు. సాయంత్రం మాస్టారి ఇంటికెళ్లి అనుమానం ఉన్నవి చదివేదాన్ని, ఆయన కళ్లు మూసుకుని వినేవారు. "అది కొటారు కాడ విన్నాను, ఉప్పుదే." "మొగ మత్స్యకారులది, వల్లో వెయ్యి." ఎవరి ఇంటి అరుగు మీద విన్నారో, ఆ రోజు ఏం తిన్నారో కూడా చెప్పేవారు. పర్ర అనే మాట దగ్గర ఆగి, మామ్మ ఆయనకి ఆ నేల మీద నడిపించి చూపించిందని చెప్పారు. ఉప్పు పొర పైకి పొంగిన నేల అది, కాలు పెడితే పెళపెళమంటుంది. ఈ సంగతి మామ్మ నాకెప్పుడూ చెప్పలేదు.

"పోటు" దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అచ్చులో అది బోల్డూ, వాల్చినదీ. రెండూ.

"ఇది ఎవరి మాట మాస్టారూ?"

"ఇద్దరిదీనీ. పోటు వస్తే ఉప్పుటేరులోకి నీళ్లెక్కుతాయి, మడుల వాళ్లకి అదే కావాల. పోటు చూసుకునే పడవ తీస్తారు వీళ్లు. అప్పుడా కుర్రాడికి రెండూ నొక్కమన్నాను."

ఇన్‌డిజైన్‌లో ఒక మాటకి ఒకసారి ఒకే క్యారెక్టర్ స్టైల్ ఉంటుంది. రెండోది ఇస్తే మొదటిది పోతుంది. ఆ కుర్రాడికి ఓవర్‌రైడ్‌లో రెండు మీటలు నొక్కితే తీరిపోయింది, నాకు తీరదు. నాలుగో స్టైల్ ఒకటి చేశాను, "ఉప్పు-వల మాట" అని. పుస్తకంలో మొత్తం తొమ్మిది మాటలు తేలాయి అలాంటివి. ఉప్పు చేసేవాళ్లూ చేపలు పట్టేవాళ్లూ ఉమ్మడిగా వాడుకునే మాటలు ఏవేవో అంతకు ముందు మాస్టారు కూడా ఒకచోట చేర్చి చూడలేదట. ఇప్పుడు వెనక ఒక పేజీలో ఆ తొమ్మిదీ వేశాం.

పేర్లు పెట్టడం అయ్యాక తుడిచాను. స్టైల్‌లోనే అను ఫాంటు పెట్టి ఉంచాను కాబట్టి తెలుగు పోలేదు. ప్లస్ గుర్తులు మాత్రం పేజీ తర్వాత పేజీ మాయమయ్యాయి. బిగించిన లైన్లు సడలాయి.

తర్వాత యూనికోడ్‌లోకి మార్చడం. ఆన్‌లైన్‌లో కన్వర్టర్లు ఉన్నాయి, కాపీ చేసి అతికిస్తే యూనికోడ్ వస్తుంది. కానీ అలా కాపీ చేస్తే వచ్చేది ఉత్త అక్షరం. బోల్డూ రాదు, గీతా రాదు. పాత తెలుగు పుస్తకాల ఈ-బుక్కులు కొన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా, నున్నగా ఉంటాయి చూడండి. వాటిలో కొన్ని ఇలా అతికించినవే అయ్యుంటాయని నా అనుమానం. మేం అలా చెయ్యలేదు. పలాసలో ఉన్న నా స్నేహితురాలికి జావాస్క్రిప్ట్ వచ్చు. ఇన్‌డిజైన్‌లో ఒకే స్టైల్ ఉన్న ముక్కని ముక్కగా పట్టుకునే వీలుంది. ఒక్కో ముక్కనీ తీసుకుని, మార్చి, అదే చోట పెట్టే చిన్న స్క్రిప్టు రాసిచ్చింది. రాత్రి పదకొండింటికి నడిపాం.

నడిచాక స్క్రీనంతా డబ్బాలు. లోపల యూనికోడ్ తెలుగు వచ్చేసింది, పైన తొడుగు ఇంకా అను ఫాంటే. స్టైల్ తెరిచి ఫాంటు ఒక్కచోట మార్చాను. 164 పేజీలూ ఒక్కసారి తెలుగయ్యాయి. వీడియో కాల్‌లో ఉన్న స్నేహితురాలు "ఓయ్" అని అరిచింది. కానీ వత్తులు విడిపోయి పక్కన నిలబడ్డాయి. దానికి కంగారు పడక్కర్లేదు. అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ అని ఒకటుంది. మన భాషలకి వత్తులూ గుణింతాలూ సరిగ్గా కట్టేది అదే. పేరా స్టైల్‌లో జస్టిఫికేషన్ కింద అది ఎంచుకుంటే వత్తులు వెళ్లి వాటి చోట కూర్చుంటాయి. ప్రతి పేరాకీ చేత్తో పెట్టకండి, స్టైల్‌లోనే పెట్టండి.

ఫాంటు ఎంచుకోవడంలో కాస్త పేచీ పడ్డాం. మాస్టారికి "గిడుగు" పేరుతో ఉన్న ఉచిత ఫాంటు పుస్తకమంతా కావాలి, పేరు చూసే. దాన్ని హెడింగులకి ఒప్పించాను. లోపలి మాటకి నోటో సెరిఫ్ తెలుగు పెట్టాను, దానికి నిజమైన బోల్డ్ ఉంది. మన ఉచిత ఫాంట్లలో చాలావాటికి ఒకే మందం ఉంటుంది. వర్డ్‌లో "బి" కొడితే లావైనట్టు కనిపించేది దొంగ లావు. వాల్చిన అక్షరమైతే తెలుగు ఫాంట్లలో చాలావాటికి లేదు, సాఫ్ట్‌వేరు పక్కకి తోసి చూపిస్తుంది అంతే. అందుకని వల మాటలకి వాల్చడం మానేసి నోటో సాన్స్ తెలుగు ఇచ్చాను. స్టైల్‌లో ఒకచోట మార్చడమే కదా. "ఉప్పు-వల" వాటికి సాన్స్‌లో బోల్డ్.

అప్పుడు మార్చాను 11ని 16కి. ఒక్క అంకె. పేజీలు 298 అయ్యాయి.

ఫోన్ కోసం ఈపబ్ తీసేటప్పుడు ఇంకో సంగతి చూశాను. ఇన్‌డిజైన్ ఈపబ్ లోపల స్టైల్ ఉన్న ప్రతి మాటకీ ఆ స్టైల్‌కి మనం ఎక్స్‌పోర్ట్ ట్యాగింగ్‌లో ఇచ్చిన పేరు రాస్తుంది. ఓవర్‌రైడ్ అయితే తనే ఒక పేరు పెడుతుంది: "క్యార్ ఓవర్‌రైడ్-1", "క్యార్ ఓవర్‌రైడ్-2" అని నంబర్లు. సరదాకి పాత ఫైలు ఒక కాపీని తుడవకుండా అలాగే ఎక్స్‌పోర్ట్ చేసి చూశాను. మా మామ్మ చెప్పిన పర్ర అనే మాట అందులో "క్యార్ ఓవర్‌రైడ్-7". ఆ మాటా, మూడో పేజీలో నొక్కి చెప్పిన ఒక వాక్యమూ ఒకే నంబరు కింద ఉన్నాయి. కొత్త ఫైల్లో అది ఉప్పు మాట. రేపు ఇంకెవరైనా ఉప్పు మాటలన్నీ ఒక్కచోట కావాలంటే ఏరుకోవచ్చు.

మీలో చాలామంది వర్డ్‌లోనో లిబ్రే ఆఫీస్‌లోనో తెలుగు ప్రాజెక్టు రిపోర్టులు చేస్తుంటారు కాబట్టి రెండు మాటలు. స్టైల్‌లో ఫాంటు మార్చినా తెలుగు మారడం లేదని నాకు తెలిసిన పిల్లలు ఫోన్ చేస్తుంటారు. ఆ సాఫ్ట్‌వేర్లు తెలుగుని "కాంప్లెక్స్ స్క్రిప్ట్" కింద వేరే లెక్కలో పెడతాయి. ఇంగ్లిష్‌కి ఒక ఫాంటు, సైజు, తెలుగుకి ఇంకో ఫాంటు, సైజు. మీరు మార్చింది మొదటిది. లిబ్రే ఆఫీస్‌లో సెట్టింగుల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్కు పెడితే స్టైల్‌లో రెండో గడి కనిపిస్తుంది. ఇంకోటి, వర్డ్‌లో పేరాలో సగం కంటే ఎక్కువ భాగం చేత్తో బోల్డ్ చేసి ఉంటే, దానికి కొత్త స్టైల్ ఇచ్చినప్పుడు ఆ బోల్డ్ పోతుంది. సగం కంటే తక్కువైతే ఉంటుంది. నొక్కి చెప్పిన నాలుగు మాటల్ని ఉంచి, పేరా అంతటి చేతి మార్పుని తీసెయ్యాలని దాని ఉద్దేశం. తెలివైన ఊహే. కానీ మా పుస్తకంలో ఒక మాటకి ఒకే పేరా, ఆ పేరాలో రెండే మాటలున్న చోట్లు బోలెడు. ఆ ఊహకి వదిలేస్తే మామ్మ మాటలు సగం పోయేవి.

పుస్తకం ఇప్పుడు ప్రూఫుల్లో ఉంది. మాస్టారు టాబ్‌లో చదువుతున్నారు, ఇంకా పెద్దది చేసుకుని. ప్లస్ గుర్తులు లేవు గానీ నేను చేసిన ఇంకో క్యారెక్టర్ స్టైల్ ఉంది, "తేలలేదు" అని. రంగు ముదురు పసుపు. పదకొండు మాటలున్నాయి అందులో. అచ్చులో బోల్డ్ ఉన్నాయి, కానీ ఉప్పు మాట అనో, ఆపరేటర్ చెయ్యి తగిలి అయ్యాయనో మాస్టారికి గుర్తు రావడం లేదు. ఎవరు చెప్పారో రాసుకున్న నోటుపుస్తకం తుపానులో తడిసి పాడైపోయింది. వాటిని తీసెయ్యమనీ అనరు, ఉంచమనీ అనరు.

మామ్మతో కలిసి పని చేసినవాళ్లలో ముగ్గురు పెద్దమ్మలు ఉన్నారు. ఒకావిడకి చెవులు వినపడవు, గట్టిగా చెప్పాలి. సంక్రాంతి దాటాక మడుల్లోకి నీళ్లు పెడతారు, పొద్దున్నే అందరూ అక్కడే ఉంటారు. పదకొండు మాటలూ ఒక కాగితం మీద 24 పాయింట్లలో ప్రింటు తీసి పెట్టుకున్నాను. ప్రెస్ ఆయనకి ఫిబ్రవరి అని చెప్పాను.